కాటాయన ఆది చొక్కా

కాటాలు బాగుచేసే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని కాటాయన అనేవారు. సొంత పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కతే ఉండేది, ఆయన అక్క. ఆవిడ పోయాక ఆ పేరు వాడేవాళ్ళు లేక మూలపడింది.

కాటాయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "సంబంధాలు చూసే పని మా అక్కకి అప్పగించాను, ఇంకా చూస్తూనే ఉంది" అనేవాడు. మేడ మీద రెండు గదుల్లో అక్కాతమ్ముళ్ళిద్దరే. పొద్దున ఆయన పనికి బయలుదేరితే అక్క గుమ్మంలో ఆపి, చొక్కా వెనక అంచు పట్టుకుని కిందికి ఒక్క లాగు లాగేది. "వీపు కనబడేలా తిరిగితే ఎవరూ లేనివాడనుకుంటార్రా" అనేది. అప్పుడుగానీ మెట్లు దిగనిచ్చేది కాదు.

ఆయన బట్టల బాధ్యత కూడా ఆవిడదే. ఒకసారి ఎందుకో అతికినట్టు కుదిరిన చొక్కా, ప్యాంటు చూసి, వాటిని ఇక వేసుకోనివ్వకుండా కాగితంలో చుట్టి దాచింది. అదే ఆది. ఎప్పుడు కొత్త బట్ట కొన్నా ఆ పొట్లాం తీసుకెళ్ళి, "ఈ ఆదికే కుట్టు" అని వీధి చివరి దర్జీకి ఇచ్చి వచ్చేది. తమ్ముడు దర్జీ గడప తొక్కనవసరం ఉండేది కాదు.

అక్క పోయాక కాటాయన ఆ పద్ధతి తూచా తప్పకుండా పాటించాడు. ఆయన పనిచేసే కొట్లో కాటాలు సరిచూసే పరీక్ష రాళ్ళు ఒక పెట్టెలో, మెత్తని గుడ్డ మీద ఉంటాయి. వాటిని వట్టి చేత్తో ముట్టుకోరు, చెమట అంటినా బరువు మారుతుందని. కాటా తేడా చెబితే సరిచేసేది కాటానేగాని రాయిని కాదు. జీవితమంతా ఆ రాళ్ళను నమ్మి బతికిన మనిషి, ఆది చొక్కానీ అలాగే నమ్మాడు. ఏడాదికోసారి పొట్లాం తీయడం, దర్జీ ముందు పెట్టడం, మళ్ళీ మడత చెడకుండా తెచ్చి అల్మారాలో పెట్టడం. చూపు మందగించిన ముసలి దర్జీ ఆదిని చూసి కుట్టాడేగాని మనిషిని చూసి కుట్టలేదు.

ఈలోగా మనిషి తగ్గిపోతూ వచ్చాడు. ఒక్కడి కోసం ఏం వండుకుంటాంలే అని మొదలైన అలవాటు, పొద్దుటిదే రాత్రికి, రాత్రిది పొద్దుటికి అయింది. బెల్టుకి కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. ఎందుకు పొడవాల్సి వస్తోందో మాత్రం ఆలోచించలేదు. ఈ కాలపు బట్ట సాగుతోంది అనుకుని ఊరుకున్నాడు.

అంతా అలాగే జరిగిపోయేది, కొట్టు మారకపోతే. పాత యజమాని కొడుకు వ్యాపారం చేతికి తీసుకుని ఊరి చివర పెద్ద షెడ్డులోకి మార్చాడు. బస్సు సగం దూరమే వెళ్తుంది. కాటాయన మెట్ల కింద దుమ్ముకొట్టుకున్న సైకిలు బయటకి తీశాడు.

మొదటిరోజే పడ్డాడు. షెడ్డు ముందుకి వచ్చేసరికి ప్యాంటు కాలు చెయినులో చిక్కుకుంది, చొక్కా గాలికి బుట్టలా ఉబ్బింది, మనిషీ సైకిలూ కలిసి కంకరలో బోర్లాపడ్డారు. అందరూ పరిగెత్తుకొచ్చారు. కాటాలకి రంగులు వేసే రంగులాయన లేవదీస్తూనే, "చొక్కా తొడుక్కున్నావా, తెరచాప కట్టుకున్నావా? ఆ ప్యాంటులో ఇంకొకళ్ళకి చోటుంది, అద్దెకిచ్చుకోవయ్యా" అన్నాడు. కాటాయన కూడా నవ్వాడు. మోచెయ్యి మండుతోంది.

యజమాని నవ్వలేదు. పక్కకి పిలిచి, "ఎందుకు బాబాయ్ నీకీ పాట్లు? హాయిగా ఇంటిపట్టున ఉండు. నాన్న ఉంటే చేసేదే నేనూ చేస్తాను, నీకు ఏ లోటూ రానివ్వను" అన్నాడు.

మంచి మాటే. ఆ మంచిమాటే కాటాయనని భయపెట్టింది. ఇంటిపట్టున ఉండడం ఎలా ఉంటుందో ఆయనకి ఆదివారాల వల్ల తెలుసు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నోరు విప్పే పని ఉండదు. పక్కవాటా కుళాయి ఎప్పుడు తిప్పారో, ఎప్పుడు కట్టారో వింటూ కూర్చోవడమే. సోమవారం రంగులాయన్ని పలకరించే మొదటి మాట గొంతులోంచి తుప్పు రాలుస్తూ వచ్చేది. ఇక వారంలో అన్నీ ఆదివారాలే అయితే?

"కొన్నాళ్ళు చూడు బాబూ" అన్నాడు.

"నెలాఖరు దాకా చూస్తాను. మళ్ళీ పడ్డావంటే మాత్రం నా మాట వినాలి."

మర్నాడు కాటాయన సైకిలు తొక్కేవాళ్ళ బట్టలమ్మే దుకాణానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి నల్లగా మెరిసే బిగుతు నిక్కరు చేతిలో పెట్టింది.

"ఇది వేసుకుంటే జారిపోతారు సార్."

"ఎక్కడికమ్మా?"

"గాల్లోంచి సార్. గాలి ఆపదు."

అద్దాల గదిలో వేసుకు చూశాడు. కూర్చునే చోట దళసరిగా మెత్త కుట్టి ఉంది. దాని కింద రెండు కాళ్ళు, ఎవరివో అన్నంత సన్నంగా, అద్దంలో నిలబడి ఉన్నాయి. చటుక్కున చూపు తిప్పుకుని నిక్కరు విప్పేశాడు.

"పసిపిల్లలకి గుడ్డ కట్టినట్టుందమ్మా" అని తిరిగిచ్చాడు.

"మొదట్లో అందరూ అలాగే అంటారు సార్."

"తర్వాత ఏమంటారు?"

"తర్వాత రారు సార్."

ఇక మిగిలింది పాత దారే. పల్చటి లేతరంగు బట్ట కొని, అల్మారాలోంచి పొట్లాం తీసి వీధి చివరికి వెళ్ళాడు. ముసలి దర్జీ మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిషను మీద కోడలుంది. కాటాయన పొట్లాం బల్ల మీద పెట్టి, "ఈ ఆదికేనమ్మా. కాకపోతే సైకిలు తొక్కడానికి వీలుగా ఉండాలి" అన్నాడు.

ఆవిడ చొక్కా విప్పి, భుజాలు పట్టుకుని ఎదురుగా ఎత్తి చూసింది. చొక్కా మీదుగా ఆయన్ని చూసింది.

"ఇదెవరిదండీ?"

"నాదే."

"మీది కాదండీ."

"నాదేనమ్మా, మా అక్క తీసిపెట్టిన ఆది. ఆది మారదు. మా కొట్లోనూ అంతే, కాటా తేడా వస్తే రాయిని అరగదీస్తామా?"

"రాయికి అన్నం పెట్టకపోయినా చిక్కదు కదండీ" అని ఆవిడ చొక్కా బల్ల మీద పరిచింది. మెడలో వేలాడే టేపు తీస్తూ, మామూలుగా, "చాలా చిక్కిపోయారండీ మీరు" అంది.

ఆ మాట కాటాయన చెవిన పడి ఎన్నేళ్ళయిందో. అక్క అయితే ఒక్కపూట తిండి తగ్గినా అనేది, జలుబు చేసినా అనేది, ఊరికే కూడా అనేది. తల వంచుకుని బల్ల మీద సుద్దముక్క వంక చూస్తూ నిలబడ్డాడు.

"సైకిలు తెచ్చారా? లోపలికి తోసుకురండి" అంది ఆవిడ. "ఎక్కి కూర్చుని గోడ పట్టుకోండి. నిలబెట్టి కొలిస్తే ఫొటోకి పనికొస్తుందిగాని తొక్కడానికి రాదు."

ఆయన ఎక్కి, హ్యాండిలు మీదికి వంగాడు. ఆవిడ మెడ ఎముక దగ్గర టేపు ఆనించి నడుము దాకా వీపు మీద నిమిరినట్టు దింపింది. వంగితే వీపు పొడుగవుతుందని, వెనకభాగం ముందుకన్నా బెత్తెడు కిందికి పెట్టాలని చెప్పింది. భుజాల దగ్గర వదులు, పొట్ట దగ్గర బిగువు. కూర్చునే చోట నాలుగు కుట్లు కలవకుండా విడిగా గుడ్డ వేస్తుందట, లేకపోతే ఒరుసుకుంటుంది. తాళాలు ముందు జేబులో వద్దు, తొడ లేచినప్పుడల్లా గుచ్చుకుంటాయి. చెయిను వైపు కాలికి మడమ దగ్గర గుండీతో పట్టీ.

"ఎవరది?" అన్నాడు మూలనుంచి ముసలాయన.

"కాటాయనగారు, మామయ్యా."

"ఓహో. అక్కగారు కులాసానా?"

కోడలు టేపు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగింది. కాటాయన గోడ మీద చెయ్యి తీయకుండానే, "కులాసాగానే ఉందండీ" అన్నాడు.

వచ్చేటప్పుడు ఆవిడ పొట్లాం మళ్ళీ కట్టి ఇస్తూ, "ఇది ఇంట్లో దాచుకోండి. ఈసారి బట్ట కొంటే ఆది తేకండి, మీరే రండి" అంది.

కొత్త బట్టలు వేసుకుని వెళ్ళిన రోజు రంగులాయన, "ఎవరోయ్ ఈ కుర్రాడు, పనికి కొత్తా?" అన్నాడు. ఆ రోజు పడలేదు, ఆ మర్నాడూ పడలేదు. ఒకరోజు ఎదురుగాలికి కూడా చొక్కా ఒంటిని పట్టుకునే ఉంది. నెలాఖరున యజమాని షెడ్డు గుమ్మంలో నిలబడి ఆయన సైకిలు దిగడం చూశాడు. ఏదో అనబోయి, "బాబాయ్, ఆ మూల పెద్ద కాటా మొరాయిస్తోంది, నీ చేతిలో పెట్టాల్సిందే" అన్నాడు.

పెద్ద కాటా సరిచేసి, పెట్టెలోని రాళ్ళు పెట్టి చూసుకుని, అందరూ భోజనానికి చేతులు కడుక్కుంటుంటే కాటాయన దాని మీద తానే ఎక్కి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎక్కలేదు. ముల్లు ఊగి ఊగి ఒక చోట ఆగింది. కాసేపు చూశాడు. కాటాలో తేడా లేదు. దిగి, వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున గది తాళం వేసి, గుమ్మంలో అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు. అక్క పోయినప్పటినుంచీ తనే చేసుకుంటున్న పద్ధతిలో చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా అంచు వెతికాడు. అది కిందిదాకా, ఉండాల్సిన చోటే ఉంది. లాగడానికేమీ లేదు. చెయ్యి అక్కడే కాసేపు ఉంచి, తర్వాత మెట్లు దిగి సైకిలు తీశాడు.