పిండిమిల్లు మీద శవాసనం

సముద్రం ఒడ్డున నాకు దొరికిన ఉద్యోగం ఇసక ఊడ్చేది.

తొంభైల మొదటి మాట. యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో వరసగా శెనక్కాయ పంట పోయింది. మా చిన్నాయన కొడుకు అప్పటికే కర్ణాటక పక్క సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊర్లో, హోటల్లో దోసెలు పోస్తాండాడు. నేనూ వాని వెనకాలే పోయి ఆ హోటల్లోనే గిన్నెలు తోమేకి కుదిరినాను. హోటలుకు ఎదురుగా కొబ్బరాకులు కప్పిన పెద్ద కొట్టం ఉండేది. అది యోగశాల. దాన్ని నడిపే గురువుగారు అరవై ఏండ్ల కన్నడాయన. సన్నగా, నిటారుగా, ఇప్పుడే ఇస్త్రీ చేసి నిలబెట్టినట్ల ఉండేవాడు. రోజూ పొద్దున మా హోటల్లోనే ఇడ్లీ తినేవాడు.

ఒకరోజు చెయ్యి కడుక్కునేకి పెరట్లోకి వచ్చినాడు. నేను గొంతుక్కూర్చోని గిన్నెలు తోముతాండాను. ఆయన చెయ్యి కడుక్కునేది మర్చిపోయి నన్నే చూస్తా నిలబడినాడు.

"ఎంతసేపు ఇట్ల కూర్చోగలవు?" అన్నాడు. మా దిక్కు మనుషులకు కన్నడం అంతో ఇంతో వస్తాది కాబట్టి నాకు అర్థమైంది.

"గిన్నెలు అయిపోయేదాకా" అన్నాను.

మరుసటి వారం నుంచి నేను యోగశాల మనిషిని. ఆయన దగ్గరికి వచ్చే దొరలు, దొరసానులు నెలల తరబడి కష్టపడినా అట్ల గొంతుక్కూర్చోలేరు. మడమలు నేలకు ఆనవు. ఆనించబోతే ఎనక్కి పడి కాళ్ళు పైకి లేస్తాయి. అందుకని గురువుగారు నన్ను ముందర కూర్చోబెట్టి "చూడండి, వెన్ను చూడండి, మడమలు చూడండి" అని చూపించేవాడు. వాళ్ళు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకునేవాళ్ళు. నాకేమో సిగ్గు. మా పల్లెలో చెంబు పట్టుకోని పోయిన ప్రతి మనిషీ ఆ ఆసనమే వేస్తాడని వాళ్ళకు ఎట్ల చెప్పేది?

మిగతా పొద్దంతా ఊడ్చేది, చాపలు దులిపేది. నేను ఈ మూల ఊడ్చేలోపల గాలి ఆ మూల ఇసక పోసేది. ఒకసారి అందరూ శవాసనంలో ఉండగా ఒక ఎండ్రకాయ లోపలికొచ్చి, లావుగా ఉండే ఒక జర్మనీ ఆయన పొట్ట మీదికెక్కింది. ఆయన ఉలకలేదు, పలకలేదు. "ఇదీ స్థిరత్వమంటే" అని గురువుగారు మెచ్చుకున్నాడు. తీరా చూస్తే ఆ మనిషి నిద్రపోతాండాడు. లేచి పొట్ట చూసుకోని ఆయన పెట్టిన కేకకు వీధి కుక్కలన్నీ పరుగో పరుగు.

ఊడుస్తా ఊడుస్తానే ఆసనాలు నేర్చుకున్నాను. కొన్నేండ్లకు గురువుగారు నా చేత చీపురు మాన్పించి పొద్దున క్లాసు అప్పగించినాడు. క్లాసు చివర శవాసనంలో ఆయన చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చినాయి. "అల వస్తాంది... మీ పాదాలను తాకుతాంది... మీ బరువంతా తీసుకోని మెల్లగా వెనక్కి పోతాంది..." ఎంత చెదిరిపోయిన మనిషైనా ఆ మాటలకు చల్లబడేవాడు. నిజం సముద్రం పక్కనే ఉండి తాళం వేస్తాండె కదా.

ఆ తర్వాత నాకు పెండ్లయింది. ఆడపిల్ల వాళ్ళది గుంతకల్లు. అత్తగారి ఊర్లోనే ఏదన్నా చేసుకుందామని, ఒక పిండిమిల్లు పైన ఖాళీగా ఉండే హాలు బాడుగకు తీసుకోని యోగా సెంటరని బోర్డు పెట్టినాను. మిల్లు ఆడుతాంటే హాలంతా వణికేది. పద్మాసనంలో కూర్చున్న ఒకాయన "సార్, కిందినుంచి ఏదో శక్తి పైకొస్తాంది" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. అది జొన్నలు మరాడే శక్తి. ఆ పిండి కిటికీల్లోంచి లేచొచ్చి చాపల మీద పడేది. మా క్లాసుకు నల్లగా వచ్చినోళ్ళు తెల్లగా పోయేవాళ్ళు. చీపురు మళ్ళా నా చేతికే వచ్చింది.

మొదట్లో ఎవరూ నిలబడలేదు. నిలబడిన మొదటి మనిషి మా వీధిలోనే ఉండే గూడ్సు బండి డ్రైవరు. నడుము నొప్పని వచ్చినాడు. ఆయనే తన మాదిరి ఇంకో ఇద్దరు డ్రైవర్లను తెచ్చినాడు. ముగ్గురూ రాత్రంతా బండి తోలి పొద్దున దిగినోళ్ళు. కండ్లు చింతనిప్పులు. మూడు ఆసనాలు వేయించి, పాపం అలిసిపోయినారని తొందరగా శవాసనంలో పండబెట్టి మా గురువుగారి మాటలు అందుకున్నాను.

"అల వస్తాంది... నీళ్ళు వస్తాండాయి... నీళ్ళు మీ కాళ్ళ దాకా వచ్చినాయి..."

మా వీధి డ్రైవరు దిగ్గున లేచి కూర్చున్నాడు. "నీళ్ళొచ్చినాయా? మా వీధికేనా? ఏమప్పా, ముందే చెప్పకూడదా!"

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయినాడు. మిగిలిన ఇద్దరూ ఆయన వెనకాల. మా ఊర్లో కొళాయికి నీళ్ళు వారానికి ఒకసారి వస్తే గొప్ప. కాసేపటికి మొగం వేలాడేసుకోని తిరిగొచ్చినారు. "చూడన్నా, నువ్వు ఏమన్నా చెప్పు, నీళ్ళ విషయంలో మాత్రం తమాషా చెయ్యొద్దు" అని గట్టిగా చెప్పినాడు ఆయన.

సరే, వాళ్ళకు తెలిసిన లోకమే చెబుదామనుకున్నాను. మరుసటి రోజు "మీరు బండిలో కూర్చున్నారు... పట్టాలు నేరుగా ఉన్నాయి... దూరంగా గ్రీన్ సిగ్నల్ కనపడుతాంది..." అన్నాను.

"గ్రీన్!" అని ముగ్గురూ కండ్లు మూసుకోనే గట్టిగా అరిచినారు.

తర్వాత తెలిసింది, బండిలో సిగ్నల్ కనపడితే డ్రైవరూ, అసిస్టెంటూ ఒకరికొకరు పైకి చెప్పుకోవల్ల, అది వాళ్ళ పద్ధతి. నేను ఎంత మెత్తగా చెప్పినా వాళ్ళు అంత గట్టిగా జవాబిచ్చేవాళ్ళు. కిందినుంచి మిల్లు ఓనరు "ఏమప్పా, పైన యోగానా, బండి షంటింగా?" అని కేకేసినాడు.

ఇంకేం చెప్పాలో తోచక మూడోరోజు ఆయన్నే అడిగినాను. "అన్నా, డ్యూటీలో మీకు అన్నిటికంటే హాయైన గడియ ఏది?"

ఆయన ఆలోచించను కూడా లేదు. "రిలీఫ్ వచ్చినప్పుడు. మన బదులు ఇంకో డ్రైవరు స్టేషన్లో నిలబడి ఉంటాడు చూడు, వాని మొగం కనపడితే సాలు."

ఆ పొద్దు శవాసనంలో అదే చెప్పినాను. "స్టేషన్ వచ్చింది... బండి నిలబడింది... మీకు రిలీఫ్ వచ్చినాడు... మీ పెట్టె తీసుకోని దిగినారు... ఇంక బండి మీది కాదు..."

'కాదు' అనేలోపల మూడు గురకలు లేచినాయి.

ఆ కబురు ఎట్ల పాకిందో పాకింది. నెల తిరిగేలోపల హాలు నిండిపోయింది. అందరూ రాత్రి డ్యూటీ దిగినోళ్ళే. పగలు ఇంట్లో పండుకుందామంటే పిల్లోళ్ళ గలాటా, టీవీ, చుట్టాలు, రోట్లో దంచే చప్పుడు. ఈడ పిండిమిల్లు చప్పుడు ఉండాది కదా అంటే, అది వాళ్ళకు ఇంజన్ చప్పుడు మాదిరి జోలపాట. ఆసనాలు రానురాను తగ్గిపోయినాయి. "సార్, నేరుగా చివరిదానికి పోదామా?" అని అడిగేవాళ్ళు. సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. డ్యూటీకి పిలిచేకి ఒక మనిషి సైకిల్ మీద ఇండ్లకు తిరిగేవాడు. ఆయన్ని కాల్‌బాయ్ అనేవాళ్ళు, ఆ బాయ్‌కి మనవళ్ళు ఉన్నారు. ఆయనా ఇండ్లకు పోయేది మాని నేరుగా మా మెట్లెక్కేవాడు. చాపల మధ్య వంగి వంగి మొగాలు చూసుకుంటా పోయేవాడు, సంతలో గొర్రెను వెతికినట్ల.

ఒకరోజు పొద్దున మా వీధి డ్రైవరు పెండ్లాము వచ్చింది. మొగుడు యోగా చేస్తాండాడని ఆయమ్మ వీధంతా గొప్పగా చెప్పుకోనింది. క్యారియర్లో రాగిసంగటి, నంజుకునేకి ఊరిబిండి పెట్టుకోని, ఆయన కష్టాన్ని కండ్లారా చూద్దామని వచ్చింది. మెట్ల దగ్గరే ఆయమ్మకు గురకలు వినపడినాయి.

వాకిట్లో నిలబడి హాలంతా ఒకసారి చూసింది. "ఏందప్పా ఇది?"

"శవాసనం అక్కా" అన్నాను. "శవం మాదిరి పండుకునేది."

"శవాలు గురక పెడతాయా?"

ఆయమ్మ క్యారియర్ టక్కున కింద పెట్టింది. "ఇదే యోగా అయితే మా ఆయన పెండ్లైనప్పటినుంచీ చేస్తాండాడు. దీనికి ఈడిదాకా రావల్లనా?"

"రాత్రంతా బండి తోలినారు కదక్కా. రిలీఫ్ వచ్చినాడని చెప్పినానో లేదో, నిద్రపోయినారు."

ఆయమ్మ నోరు తెరుచుకోని పండుకున్న మొగుణ్ణి చూసింది. ఆయన మీసాల మీద పిండి పడి తెల్లగా అయినాయి. కొంగుతో మెల్లగా తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, "ఈయప్పకు రిలీఫ్ వస్తే దిగిపోతాడు. నాకు రిలీఫ్ యాడుండాది?" అనింది. కోపంగా కాదు, ఊరకే అడిగినట్ల అడిగింది.

అట్ల మొదలైంది మధ్యాహ్నం ఆడోళ్ళ క్లాసు. ఆయమ్మే ఇంటింటికీ తిరిగి మనుషులను పోగేసింది. చీరలు మోకాళ్ళ మధ్య దోపుకోని వాళ్ళు ఆసనాలు వేస్తాంటే మగోళ్ళు సిగ్గుపడల్ల, అంత బాగా వేసేవాళ్ళు. కానీ శవాసనంలో నోరు మూయించేది నా వల్ల కాలేదు. పండుకోని, కండ్లు మూసుకోని మాట్లాడేవాళ్ళు. ఒకసారి "మీకు రిలీఫ్ వచ్చింది" అని చెప్పి చూసినాను.

"ఎవరొచ్చినారు? మా అత్తా?" అనింది ఒకామె. క్లాసంతా పొర్లి పొర్లి నవ్వినారు.

ఇట్ల జరుగుతాండగా మా గురువుగారు వస్తాండాడని కబురొచ్చింది. మద్రాసు పోతా గుంతకల్లులో బండి మారల్ల, నడుమ కొన్ని గంటలు టైముంది, నా సెంటరు చూసి పోతాడంట. గురకల క్లాసు చూపించలేను. అందుకే మధ్యాహ్నం క్లాసుకు వచ్చేట్ల చేసినాను. గురువుగారు మెట్లెక్కి వచ్చి, ఆడోళ్ళ ఆసనాలు చూసి తల పంకించినాడు. శవాసనం దగ్గరికి రాగానే "నేను చెబుతాను" అని ఉత్సాహంగా ముందుకొచ్చి కన్నడంలో తన సముద్రం మొదలుపెట్టినాడు. ఆడోళ్ళకు కన్నడం తెలుసు. శ్రద్ధగా విన్నారు.

"స్వామీ" అనింది డ్రైవరు పెండ్లాము కండ్లు తెరవకుండా, "ఆ నీళ్ళు తాగేకి పనికొస్తాయా?"

"లేదమ్మా, ఉప్పు."

"పప్పులోకి?"

"పనికిరావు."

"బట్టలు ఉతికేకన్నా?"

"సబ్బు నురగ సరిగా రాదు."

"మరి అన్ని నీళ్ళు పెట్టుకోని ఏం లాభం స్వామీ?"

ముప్పై ఏండ్లుగా ఆ సముద్రం మీద బతికిన మనిషి. ఎవరూ ఆ మాట అడగలేదు. పకపకా నవ్వినాడు. నవ్వి నవ్వి అలిసి, "నువ్వు ఎట్ల చెబుతావో చెప్పు, నేనూ పండుకుంటాను" అని ఒక చాప మీద వాలినాడు. పాపం, రాత్రంతా రైల్లో కూర్చోనే వచ్చినాడంట. నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టినాను. స్టేషన్ వచ్చింది, బండి నిలబడింది, మీకు రిలీఫ్ వచ్చినాడు.

గురువుగారి గురక డ్రైవర్లందరి గురకలనూ మించిపోయింది.

ఆడోళ్ళు మొదటిసారి నోరు మూసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు మునివేళ్ళ మీద దిగిపోయినారు. బండి టైము దగ్గర పడింది. లేపుదామా అంటే డ్రైవరు పెండ్లాము ఒప్పుకోలేదు. "పెద్దాయన. గమ్మునుండు. బండ్లు ఈడ యాడికి పోతాయి, ఒకటి పోతే ఇంకొకటి." ఆయమ్మే వాకిట్లో కూర్చోని కొంగుతో ఈగలు తోలింది. బండి పోయిన కూత మాకిద్దరికీ వినపడింది.

పొద్దు వాలినాక గురువుగారు కండ్లు తెరిచినాడు. తల నిండా పిండి. "ఎంతసేపు ధ్యానంలో ఉన్నాను?" అన్నాడు.

"ధ్యానం సంగతి తెలీదు స్వామీ" అనింది ఆయమ్మ. "గురకైతే మధ్యాహ్నం నుంచి."

ఆ రాత్రి ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున నా పెండ్లాము ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. నీళ్ళలో తడిపి తాలింపు వేసిన బొరుగులను ఆయన అంతకుముందు చూడలేదు. కండ్లల్లో నీళ్ళు కారుతాంటే తుడుచుకుంటా రెండుసార్లు పెట్టించుకున్నాడు. రైలెక్కేటప్పుడు కాళ్ళకు మొక్కి, నా క్లాసు గురించి ఏమన్నా చెప్పమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "బొరుగులు ఒక సంచెడు దొరుకుతాయా?" అన్నాడు.

సెంటరు ఇంకా కొన్నేండ్లు నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చినాక మగోళ్ళ క్లాసు పల్చబడింది. ఒకని జోబీలో పాట మోగితే అందరూ లేచి వెతుక్కునేవాళ్ళు. ఆడోళ్ళ క్లాసు మాత్రం పెరిగింది. డ్రైవరు పెండ్లాము శీర్షాసనం దాకా పోయింది. ఒకరోజు మొగుడు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నడింట్లో గోడకు ఆనుకోని తలకిందులుగా నిలబడి ఉండాదంట. ఆయన పెట్టె పట్టుకోని అట్లే నిలబడి, "కాఫీ..." అన్నాడంట.

"ఇంగా కాసేపు పడుతుంది. నువ్వే పెట్టు" అనిందంట ఆయమ్మ కిందినుంచి.

ఆయన పెట్టినాడు. చక్కెర అనుకోని ఉప్పేసినాడు. ఆయమ్మ ఆ సంగతి మరుసటి రోజు క్లాసులో అభినయించి చూపించింది, ఆయన గరిటె పట్టుకున్న తీరుతో సహా. ఆ పొద్దు ఎవరూ ఒక్క ఆసనం కూడా వెయ్యలేదు.