లక్క గుండు

లాడ్ బజార్‌లో బొగ్గుల మీద లక్క కరిగే వాసన వస్తే అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం నాకు జరిగిన అన్యాయం గుర్తొస్తుంది.

తొంభైల నడుమ అక్కడే ఒక సందులో, గాజుల బట్టీకీ అత్తరు కొట్టుకీ మధ్య ఖాజా భాయ్ వీడియో గేమ్ దుకాణం ఉండేది. రంజాన్ నెలలో హలీం దేగ్చీల ఆవిరి, బోనాలప్పుడు దూరం నుంచి డప్పుల మోత లోపలికి వచ్చేవి గానీ, మా కళ్లు మాత్రం తెర మీదే ఉండేవి. ఇద్దరు ఆటగాళ్లకు చెరొక చిన్న విమానం, ఎదురుగా కొండంత ఇనుప మనుషులు. ఒక్కొక్కడి మోకాలే మా విమానాలకు పదింతలు. భుజాలు తెరుచుకుని రాకెట్లు కురుస్తాయి. ఛాతీ తలుపులు విప్పి లోపల ఎర్రదీపం వెలిగిన ఆ కాసేపట్లోనే కొట్టాలి. ఆఖరి రోబో దాకా మా సందులో ఎవరూ వెళ్లలేదు.

మాకు పురానాపూల్ దగ్గర బర్రెలుండేవి. పొద్దున బాపుతో ఇండ్లకు పాలు పోసి, అట్నుంచటే దుకాణానికి పరిగెత్తేవాణ్ణి. "పాలోళ్ల పోరగా, నీ చేతులకు వెన్న ఉంటది. గా రెండో హ్యాండిల్ కాడ నిలబడు," అనేవాడు ఖాజా భాయ్. సబ్బుతో కడిగాను, బూడిదతో తోమాను, చేతులు వాసన చూపించాను కూడా. వినలేదు. బాగా తిరిగే మొదటి హ్యాండిల్ ఎప్పుడూ జహంగీర్‌కే. పక్క గాజుల బట్టీ వాళ్ల నాన్నది. జహంగీర్ నా దోస్తే, కాదనను. అయినా ఒక్కసారి కూడా "నువ్ ఆడు" అని పక్కకు జరగలేదు.

ఒక ఎండాకాలం పొద్దున నా హ్యాండిల్ మీది గుండు పగిలింది. జహంగీర్ వాళ్ల నాన్న నవ్వుకుంటూ ఎర్ర లక్క కరిగించి, ఇనుప కడ్డీకి గుండ్రంగా ఒత్తి, చెయ్యి అలవాటు కొద్దీ రెండు అద్దం ముక్కలు కూడా పొదిగాడు. "అర్ధ గంట ముట్టకు బేటా, లోపల ఇంక వేడి ఉంటది," అన్నాడు. పన్నెండింటికి కరెంటు పోతుందని సందంతటికీ తెలుసు. ఆగమని నాకు చెప్పినవాళ్లు ఆ కరెంటుకు కూడా చెప్పాల్సింది. నేను ఆగలేదు.

ఆ రోజు చచ్చినా తగ్గలేదు మేమిద్దరం. ఆఖరివాడు వచ్చాడు, తలకాయే తెరంతా నిండింది. ఛాతీ తెరుచుకుంది. గురిపెట్టి కొట్టిన దెబ్బల్లో ఎక్కువ నావే. అంతలో గుండు నా వేళ్ల కింద మెత్తగా దిగి, మెల్లగా తిరిగి, ఊడి చేతిలోకి వచ్చింది. నా విమానం మూలకు పోయి పేలింది. ఆ తర్వాత జహంగీర్ కొట్టిన ఒకే ఒక్క దెబ్బకు రోబో కూలింది.

మిషన్ బతికున్నవాడి పేరే అడిగింది, మూడక్షరాల్లో.

"నా పేరు గూడ రాయి రా."

"నీ విమానం యాడుంది భాయ్? గుండు పట్కొని నిలబడ్డవ్."

మూడక్షరాలూ తనవే కొట్టుకున్నాడు. ఖాజా భాయ్ "చెప్పిన గద, వెన్న చేతులు," అన్నాడు. దుకాణమంతా నవ్వింది. కాసేపటికి కరెంటు పోయింది, దాంతోపాటు మిషన్‌లో పేర్ల పట్టీ అంతా తుడిచిపెట్టుకుపోయింది. నాకు జరిగిన అన్యాయానికి సాక్ష్యం కూడా మిగల్లేదు, నా చేతిలోని గుండు తప్ప.

ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఖాజా భాయ్ లేడు, గుండు చేసిన పెద్దాయనా లేడు. ఆయన బట్టీ దగ్గర జహంగీర్ కూర్చుంటున్నాడు. మొన్న ఆ గుండు తీసుకెళ్లి చూపించాను.

"ఇంక దాచినవా? ఇయ్యి, కరిగించి మంచిగ గుండ్రంగ చేస్త."

ఇవ్వలేదు. దాని మీద నాలుగు వేళ్ల గుంటలు అలాగే ఉన్నాయి. జహంగీర్ తన వేలు పెట్టి చూశాడు, పట్టలేదు. నాదీ పట్టలేదు.

"చిన్న పోరని చెయ్యి," అన్నాడు.

"ఆ పోరడే గెలిచిండు."

"గెల్వలే," అన్నాడు, ఇన్నేళ్ల తర్వాత కూడా. అని, కూర్చోమని తన పీట నాకు జరిపాడు.