జవాబు రాని ప్రశ్న

డిగ్రీ రెండో ఏడాది సోషియాలజీ ప్రాజెక్టు కోసం, ఆర్మూర్‌లో పసుపు ఏరే కూలీ ఆడవాళ్ళను ప్రశ్నలడిగి ఫారాలు నింపాలి. సిరికొండ నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికే నాకు కాళ్ళు పీకేవి.

ఒక మధ్యాహ్నం మా అమ్మకన్నా పెద్దావిడ పక్కన కూర్చున్నాను. పసుపు కొమ్ములు ఏరుతూనే ఓపికగా జవాబులు చెప్పింది.

"మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని చదివాను.

"గదేం ప్రశ్న బిడ్డా? జర ఆగు, చెప్త," అని గోడకు తల ఆనించింది. అలాగే నిద్రపోయింది.

లేపబుద్ధి కాలేదు. ఇంతలో కూలీల పని చూసే మేస్త్రీ వస్తుంటే, ఫారం పక్కన పెట్టి ఆమె కుప్ప నేను ఏరసాగాను.

"గామె పండుకున్నదా?"

"పానం బాగలేదంట. నేను ఏరుతున్న," అన్నాను. అతను పక్క కుప్ప దగ్గరికి పోయాడు.

చాలాసేపటికి ఆమె ఉలిక్కిపడి లేచింది. "లేపొద్దా బిడ్డా!" అంటూ గబగబా నా చేతిలో కొమ్ములు లాక్కుంది. నాకు బస్సు వేళయింది.

మర్నాడు కాలేజీలో సార్ ఫారంలో ఆ ఖాళీ చూసి, "భర్త అని రాసెయ్యమ్మా, అందరిదీ గదే," అన్నారు. ఆమెకు భర్త ఉన్నాడో లేడో కూడా నేను అడగలేదు. ఖాళీగానే ఇచ్చేశాను. మార్కులు తగ్గాయి. ఆ బస్సుల్లో తిరిగీ తిరిగీ, బాధపడే ఓపిక కూడా అప్పటికి లేదు.