ఐదొందల లైనుకెళ్ళి తిరిగి రాలేదు

పోయిన వారం మా కాలేజీ ల్యాబ్‌లో మూణ్ణెల్లుగా మూలనపడ్డ ఏసీని ఎట్టకేలకు బాగుచేశారు. మెకానిక్ స్విచ్ వేయగానే చల్లగాలితోపాటు పాత దుమ్ము వాసన, తడి ఇనుము వాసన కలగలిసి ముక్కుకి తగిలాయి, నా కాళ్ళు నన్నడక్కుండానే చెప్పులు విడిచేశాయి. నలభై తొమ్మిదేళ్ళ లెక్చరరు ఉత్తకాళ్ళతో నిలబడేసరికి ముందు బెంచీలో నవ్వులు మొదలయ్యాయి. నవ్వుకోండి. మేము నేర్చుకున్న రోజుల్లో కంప్యూటరున్న ఏసీ గదిలోకి చెప్పులతో వెళ్తే గర్భగుడిలోకి వెళ్ళినంత అపచారం. ఆ యంత్రానికి దుమ్ము పడదనేవారు. ఊరంతా దుమ్మే, అలాంటి యంత్రం మా మండపేట దాకా ఎందుకొచ్చినట్టో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మండపేట మెయిన్ రోడ్డులో నాన్నగారికి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. ఇంట్లో రాజ్యం మాత్రం ఆయన తల్లిది, అంటే మా మామ్మది. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన ఆ వేసవిలో కూడా అన్ని వేసవుల్లాగే అటక మీంచి జాడీలు దిగాయి, ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడిచి తుడిచి వేళ్ళు పులిసిపోయాయి, మధ్యాహ్నాలు వీధరుగు మీద చింతగింజలతో వామనగుంటలాడుతూ దొంగాట ఆడినందుకు ఒకసారీ, ఆడలేదని వాదించినందుకు రెండోసారీ నేనే తిట్లు తిన్నాను, సాయంత్రాలు తడిపిన వాకిట్లో మడతమంచం వేసుకుని మోచేతి దాకా కారే రసాలు జుర్రుకున్నాం. వీటన్నిటి మధ్యా ఒక కొత్త వింత వచ్చి చేరింది. కొట్టుకి ఎదురు మేడ మీద కంప్యూటర్ సెంటర్ తెరిచారు.

నాన్నగారు నన్ను అక్కడ చేర్పిస్తానన్నారు. మామ్మ అప్పటికే నన్ను కుట్టుపని క్లాసులో వేయాలని నిశ్చయించేసింది.

"మిషనేగా నేర్చుకోవాలి, కుట్టు మిషన్ నేర్చుకోమను. జాకెట్టయినా వస్తాది," అంది.

రెండు రోజులు భోజనాల దగ్గర తల్లీ కొడుకూ వాదించుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. నేను రెండు వారాలు సెంటర్‌కి వెళ్తాను, ఆఖరి రోజు మామ్మ స్వయంగా మేడెక్కి చూస్తుంది. ఆవిడకి నచ్చితే వానాకాలమంతా చదువు సాగుతుంది, లేకపోతే మర్నాటినుంచే కుట్టు క్లాసు. నాకు సూదిలో దారం ఎక్కించాలంటేనే ఏడుపొచ్చేది. అదీగాక ఆ ఇంట్లో ఒక్కసారైనా మామ్మ మాట నెగ్గకుండా చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

సెంటర్‌లో ఉన్నవి రెండు కంప్యూటర్లు, వాటికి కుచ్చులు కుట్టిన శాటిన్ ముసుగులు, ముసుగు తీస్తే నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. నేర్పేది మూర్తి మాస్టారు. ప్రోగ్రామంటే వరసనంబర్లు వేసి రాసిన ఆజ్ఞల జాబితా అని, పది, ఇరవై, ముప్ఫై అని నంబర్లు వేసుకుంటూ పోవాలని, మధ్యలో ఏదైనా మర్చిపోతే పదిహేనో లైనుగా ఇరికించుకోవడానికే ఆ ఖాళీలని చెప్పారు. ప్రింట్ అంటే తెర మీద రాయి. గోటూ ఐదొందలు అంటే ఐదొందల లైనుకి వెళ్ళు. రన్ అంటే ఇక మొదలెట్టు. "చెప్పింది చెప్పినట్టు చేసే నౌకరండి ఇది," అని మాస్టారు మురిసిపోయారు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి మామ్మకి చెప్పాను.

మామ్మది ఆత్రేయపురం. బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసిన చెయ్యి. "చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళతోనే నేను వేగలేకపోయేది," అంది. "పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగవే అంటే లాగేస్తారు. కుండ వేడెక్కిందో లేదో చూసుకోవద్దూ?"

రోజూ క్లాసుకి బయల్దేరేటప్పుడు మరో తగువు. ఆలస్యమైందన్న హడావిడిలో "వెళ్తున్నా మామ్మా" అనేదాన్ని. వీధి చివర దాకా వెళ్ళినదాన్ని కేకేసి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, "వెళ్ళొస్తాను" అని నోటితో అనిపించి మరీ పంపేది. వెళ్తాను అని ఊరుకుంటే అశుభం. మా ఇంట్లో ఎవరూ ఉత్తినే వెళ్ళేవారు కారు, వెళ్ళొచ్చేవారు. ఇది నా బుర్రలో ఎంతగా నాటుకుపోయిందంటే, వెళ్ళడమన్నాక తిరిగి రావడం అందులోనే ఉందనుకునేదాన్ని.

ఆఖరి రోజు కోసం నేను తయారుచేసినది మర్యాద ప్రోగ్రాం. పదో లైనులో ఇంగ్లీషు అక్షరాలతో నాన్నగారు అని వస్తుంది, ఇరవయ్యో లైనులో గోటూ ఐదొందలు. ముప్ఫైలో మామ్మగారు, నలభైలో మళ్ళీ గోటూ ఐదొందలు. ఐదొందల లైనులో నమస్కారమండి. ఒకే నమస్కారాన్ని ఇద్దరికీ వాడుకోవచ్చన్న నా తెలివికి నేనే పొంగిపోయాను. ముందురోజు రన్ చేస్తే నాన్నగారు, నమస్కారమండి అని వచ్చీ రాగానే కరెంటు పోయింది. మిగతాది కరెంటొచ్చాక వచ్చేదేలే అని నిశ్చింతగా ఇంటికొచ్చేశాను.

మర్నాడు మామ్మ ఉప్పాడ చీర కట్టుకుని, ఆయాసపడుతూ మేడెక్కి, చెప్పులు విడిచి, తెరకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కన నాన్నగారు. నేను నోట్సు చూసి మళ్ళీ టైపు చేసి రన్ కొట్టాను. నాన్నగారు, నమస్కారమండి. అంతే, ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ నాన్నగారికే నమస్కారం. మూడోసారీ అంతే.

"తల్లి పక్కనుండగా కొడుక్కి మూడు దండాలా?" అంది మామ్మ. "కుట్టు క్లాసు పొద్దున్నా సాయంత్రమా నాయనా?"

నాన్నగారు నేల చూపులు చూస్తున్నారు. "యంత్రం పాడైంది," అన్నాను. మూర్తి మాస్టారికి కోపమొచ్చింది.

"దాన్నంటావేంటి? నువ్వేం చెప్పావో చూడనీ," అని మామ్మ నా నోట్సు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "వేలు పెట్టి చదువు. తెలుగులో చదువు."

వేలు పెట్టాను. "పది, నాన్నగారు అని రాయి. ఇరవై, ఐదొందలకి వెళ్ళు." వేలు పేజీ అడుక్కి జారింది. "ఐదొందలు, నమస్కారమండి అని రాయి."

"తరవాత?"

"తరవాత ముప్ఫై, నీ పేరు," అని వేలు పైకెత్తాను. మామ్మ నా వేలు పట్టుకుని మళ్ళీ అడుగునే పెట్టింది.

"పైకొచ్చింది నువ్వు. అది ఇక్కడే ఉంది. వెళ్ళి రమ్మన్నావా?"

"వెళ్ళమన్నాను కదా మామ్మా, రాదా మరి?"

"రమ్మనకుండా ఎవరొస్తారే? రోజూ నీతో మొత్తుకునేది దేనికి?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "దానికి వేరే మాటుందండి. గోటూ బదులు గోసబ్ అనాలి, వెళ్ళినచోట చివర రిటర్న్ అని రాయాలి. వచ్చేవారం పాఠమండి అది."

"రావడం నేర్పకుండా పంపడం నేర్పేశారా మాస్టారూ?" అంది మామ్మ, చాలా మర్యాదగా.

రెండు గోటూలనీ గోసబ్‌లు చేసి, అడుగున రిటర్న్ చేర్చాను. రన్. నాన్నగారు, నమస్కారమండి. మామ్మగారు, నమస్కారమండి. మామ్మ కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంది. కానీ అది ఆగలేదు. ఎవరి పేరూ లేకుండా ఇంకో నమస్కారమండి పెట్టి, ఆ కింద ఏదో తప్పుందని ఒక ఇంగ్లీషు ముక్క రాసింది.

"ఇదెవరికి?"

"మాస్టారికి," అన్నాను. ఆగమని చెప్పడం మర్చిపోయానని ఒప్పుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నలభయ్యో లైను దాటాక యంత్రం తిన్నగా ఐదొందలకి జారి, ఎవరూ పంపకుండానే తిరిగి వెళ్ళమంటే ఎక్కడికని అడిగిందట. మాస్టారు యాభయ్యో లైనులో ఎండ్ అని ఇరికించారు.

మెట్లు దిగుతూ మామ్మ తీర్పు చెప్పింది. "కుట్టు క్లాసు వద్దులే నాయనా. దీన్ని ఇక్కడే ఉంచు. దాని ముందు దీని వాదన చెల్లట్లేదు. కాస్త దారికొస్తాది."

రాలేదు. కానీ వానాకాలమంతా తడిసిన గొడుగుతో ఆ మేడెక్కాను, పాతికేళ్ళుగా ఆ చదువే చెప్పుకుని బతుకుతున్నాను. ఇప్పుడా మేడ మీద బ్యూటీ పార్లర్ ఉంది. శాటిన్ ముసుగుల్లేవు, లైన్లకి నంబర్లు వేసే పని లేదు, మర్చిపోయినదాన్ని ఇరికించుకునే ఆ ఖాళీలూ లేవు. గోటూని పెద్దలు చెడ్డ అలవాటని తేల్చి వెలేశారు. ప్రోగ్రాం కావాలంటే ఫోనే రాసిపెడుతుంది, మా క్లాసు పిల్లలు తెచ్చి చూపిస్తారు, శుభ్రంగా నడుస్తుంది కూడా. నడిచినందుకు నాకేం బాధ లేదు.

"ఇదెక్కడికి వెళ్ళి ఎక్కడికొస్తోందో చూపించు," అంటాను.

"రన్ అవుతోంది కదా మేడమ్," అంటుంది ముందు బెంచీ అమ్మాయి. ఆ పిల్ల చూపుడువేలు తెర ముందు గాల్లోనే ఆగిపోతుంది, ఎక్కడ ఆనించాలో తెలియదు.

"గోళ్ళరంగు బాగుందమ్మా," అంటాను, "ఆ వేలు మొదటి లైను మీద పెట్టు."