తప్పు గిటార్‌ది కాదు

ఆ మాట నా నోట్లోంచి ఊడిపడింది ఒక బుధవారం సాయంత్రం, దోహాలోని అల్ మన్సూరాలో, మూడో అంతస్తు ఫ్లాట్ హాల్లో. ఎవరి సోఫాలో కూర్చున్నానో, ఎవరు వేయించిన పకోడీలు అరగంట ముందు తిన్నానో, ఆవిడనే అన్నాను.

"అక్కా, రాకపోతే వదిలేయండి. పాటని పాడుచేయకండి."

మాది చర్చి బ్యాండ్. నేను గిటార్, విజయవాడ వైపు నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన కీబోర్డ్, జగిత్యాల నుంచి వచ్చి సైట్‌లో పికప్ వ్యాన్ నడిపే ఇంకొకాయన రిథమ్ ప్యాడ్. పాడేది అక్క. మా భీమవరం దగ్గరి మనిషే, ఆసుపత్రిలో నర్సు. పద్దెనిమిదేళ్ళుగా దోహాలో మా తెలుగు ఆరాధన అంటే ఆవిడ గొంతే. ప్రాక్టీసు కూడా వాళ్ళింట్లోనే. నాకంటే ముందు ఈ బ్యాండ్‌లో గిటార్ వాళ్ళాయన వాయించేవాడు. కంపెనీ ఆయన్ని దూరంగా ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్ పనికి మార్చాక గురువారం సాయంత్రం తప్ప ఇంటికి రావడం కుదరక, ఆ కుర్చీ నాకొచ్చింది.

ఆ ఏడాది అక్క గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ అయింది. గండం గడిస్తే అందరి ముందూ నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి ఒక పాట పాడతానని ఆసుపత్రి మంచం మీదే ప్రార్థన చేసుకుందట. మాలో అలా మాటిస్తే నిలబెట్టుకోవాల్సిందే. ఇక్కడ మా ఆరాధన శుక్రవారాలే, ఏ శుక్రవారమో కూడా ఖాయమైంది. ఇంకా మూడు వారాలుంది.

ఆ బుధవారం, చరణంలో స్వరం పైకెక్కే చోట ఆవిడ గొంతు చీలిపోయింది. మూడుసార్లు ఆపి మొదలుపెట్టాం. మూడుసార్లూ అక్కడే. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటూనే ఉంటుంది, నేను ఒప్పుకోను. ఆ రోజు అల్ సద్ ఆఫీసులో మేనేజరు నా డ్రాయింగు వెనక్కి కొట్టాడు. ఆ మంట ఇక్కడ కక్కాను.

అక్క పాటల పుస్తకం మూసి, "టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి పిలిస్తే ప్యాడ్ వాయించే ఆయన వెళ్ళి ట్రే తెచ్చాడు. నాలుగు కప్పులుండాల్సింది, మూడే ఉన్నాయి. ఆవిడ మళ్ళీ హాల్లోకి రాలేదు. ఆ టీ నేను తాగాను, అందులో చక్కెర నాకు ఇష్టమైనట్టే తక్కువగా ఉంది.

మర్నాడు షమాల్ నుంచి వాళ్ళాయన ఫోన్ చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"తనకు చెప్పానని తెలియనివ్వకు తమ్ముడూ. ఆపరేషన్ తర్వాత పైస్థాయి మళ్ళీ రాకపోవచ్చని డాక్టర్లు చెప్పేశారు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది."

"అయితే స్కేల్ దించుదాం బావగారూ, శ్రుతి తగ్గిస్తే పాడగలదు. దానికేం?"

"నువ్వు దించుతావు. తను ఒప్పుకోవద్దూ?"

నిజమే. కొన్నేళ్ళ కిందట ఒక పెద్దావిడ కోసం పాట దించితే, ఈ అక్కే నవ్వుతూ, "స్కేల్ దించి పాడేకంటే కింద కూర్చుని చప్పట్లు కొట్టడం నయం" అంది. ఇప్పుడు ఆ మాటే ఆవిడకు అడ్డం పడింది. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఆవిడ మెసేజ్ వచ్చింది. సాక్ష్యం మాత్రమే చెబుతానని, పాట ఉండదని. కింద అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. నేనేం పెట్టాలో తెలియక ఫోన్ బోర్లించాను. క్షమాపణ అడగొచ్చు కదా అంటే, అడగాలనే అనుకున్నాను. అడిగితే ఆవిడ గొంతు సంగతి నాకు తెలిసిపోయిందని బయటపడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, తప్పు నాది అనే మాట నాకు నోరు తిరగదు.

ఆ వారంలోనే మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకాయన దేశం వదిలి వెళ్ళిపోతూ సామాన్లు అమ్మకానికి పెట్టాడు. రైస్ కుక్కర్‌కీ ఇస్త్రీ పెట్టెకీ మధ్య ఒక గిటార్ ఫోటో. మెడ మామూలు కంటే పొడుగు. అది బారిటోన్ అన్నాడు. మామూలు గిటార్‌కీ బేస్ గిటార్‌కీ మధ్యది. తీగలు లావు. చేతివేళ్ళు ఎప్పటిలాగే పెట్టినా స్వరం ఐదు మెట్లు కింద పలుకుతుంది. నేను జి పట్టుకుంటే వినబడేది డి. మామూలు గిటార్‌ని తీగలు వదులు చేసి అంత కిందికి దించితే తీగ జీరబోయి గడగడలాడుతుంది. వెళ్ళి వాయించి చూస్తే ఇది మాత్రం బొంగురు లేకుండా నిండుగా మోగింది. కొనేశాను, దాంతో పాటు ఒక కేపో కూడా ఇచ్చాడు. కేపో అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే చిన్న బిగింపు. "ఐదో మెట్టు దగ్గర ఇది పెట్టావంటే మళ్ళీ మామూలు గిటారే" అన్నాడు.

ఆ కేపోను పెట్టె పక్క జేబులో అడుగుకి తోసేశాను. బండి దగ్గరికి నడుస్తుండగానే అబద్ధం తయారైపోయింది.

తర్వాతి బుధవారం తలుపు తీసింది అక్కే. మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ హాల్లో ఆవిడ లేకుండా ప్రాక్టీసు. నేను గిటార్ తీసి, వంటింట్లోకి వినబడేంత గొంతుతో మొదలుపెట్టాను.

"ఇకనుంచి ఇదే వాయిస్తాను. ఇది కిందే పలుకుతుంది. దీనికోసం పాటలు డిలోకి దించాలి."

కీబోర్డ్ ఆయన నా వైపు వింతగా చూశాడు. "గిటార్ కోసం పాట దించడమేంటి బ్రదర్? కేపో పెట్టండి, సరిపోతుంది."

"దీనికి కేపో పట్టదు. మెడ లావు."

"పట్టకపోవడమేంటి? అయితే పాతది తెచ్చుకోండి."

"బేస్ వాయించే మనిషి వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఆ ఖాళీ మీరు పూడుస్తారా?" గొంతు పెరిగింది. ఈసారి కావాలనే పెంచాను. ఆయనకు గిటార్ సంగతులు బాగానే తెలుసు. ఇంకో ప్రశ్న వేస్తే దొరికిపోతాను.

ప్యాడ్ ఆయన విసుక్కున్నాడు. "ఒక్కసారి కొట్టి చూద్దాం అన్నా. మంచిగ లేకుంటే అప్పుడు లొల్లి పెట్టుకోండ్రి. నాకు పొద్దుగాల నాలుగ్గొట్టంగ డ్యూటీ ఉన్నది."

కీబోర్డ్ ఆయన మూతి ముడుచుకుని ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కాడు. అది నొక్కితే వేళ్ళు పాత చోటే ఆడతాయి, స్వరం మాత్రం దిగుతుంది. మైనస్ ఐదు పెట్టాడు. అక్క పాడాల్సిన ఆ పాటే మొదలుపెట్టాం, పాడేవాళ్ళు లేకుండా. పల్లవి అయ్యేసరికి వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. చరణంలోకి వెళ్తుంటే లోపల సన్నగా కూనిరాగం. స్వరం పైకెక్కే ఆ చోటికి వచ్చేసరికి నేను గిటార్ చప్పుడు తగ్గించి వంటింటి వైపు చెవి పెట్టాను. కూనిరాగం ఆగలేదు, ఎక్కింది, అవతలికి దిగింది.

తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఈ స్కేల్ ఎవరు పెట్టారు?"

"గిటార్ అక్కా. ఇంతకన్నా పైకి రాదు. మీకు ఇబ్బందైతే చూద్దాం..."

"నాకేం ఇబ్బంది?" అని వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

పాట మొత్తం పాడింది. పద్దెనిమిదేళ్ళ ఆ సన్నటి గొంతు కాదది. బరువుగా, కొంచెం గరుకుగా, గిటార్ కింది తీగ పక్కనే నడిచే గొంతు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీగ సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ రోజు టీ కప్పులు నాలుగొచ్చాయి.

ఇంటికెళ్ళి చూసుకుంటే పెట్టె జేబులో కేపో లేదు. జిప్ తెరిచే ఉంది. కారు సీట్ల కింద వెతికాను, మెట్ల మీద వెతికాను. ఆ హాల్లోనే పడి ఉండాలి. కీబోర్డ్ ఆయన కంట పడితే? ఆ మనిషి కడుపులో మాట దాగదు. "ఇదిగో బ్రదర్, పట్టదన్నారుగా" అని అక్క ముందే బిగించి చూపిస్తాడు. అప్పుడు ఆవిడకు అన్నీ అర్థమవుతాయి, ఆ శుక్రవారం నోరు విప్పదు. తర్వాతి ప్రాక్టీసులో ఆయన నా గిటార్ మెడ వైపు రెండుసార్లు చూశాడు. నేను ఆ రెండు గంటలూ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉన్నాను.

శుక్రవారం వచ్చింది. చర్చిలన్నీ ఉన్న ఆవరణ గేటు దగ్గర లైను, సంచుల తనిఖీ, లోపల గదిగదికీ ఒక భాష. మా హాలు మాకు పదింటి వరకే. తర్వాత వేరే భాషవాళ్ళది. పది నిమిషాల ముందే వాళ్ళు తలుపు దగ్గర నిలబడతారు, వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. కీబోర్డ్ కూడా చర్చిదే, అందరూ వాడేది. అక్క సాక్ష్యం చెబుతుండగా ఎవరో ప్రొజెక్టర్ తీగ సర్దబోయి కీబోర్డ్ ప్లగ్ పీకారు. కీబోర్డ్ ఆయన గబగబా మళ్ళీ పెట్టాడు. ఆగి వెలిగిన కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ సున్నాకి వచ్చేస్తుంది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

సాక్ష్యం ముగిసేసరికి పదికి ఎనిమిది నిమిషాలే మిగిలాయి. తలుపు దగ్గర జనం. అక్క మైకు పట్టుకుంది. కీబోర్డ్ ఆయన కళ్ళు మూసుకుని ముందు సంగీతం మొదలుపెట్టాడు.

పాత స్కేల్లో. జిలో.

నా చేయి అప్పటికే డి మోగించింది. రెండూ గుద్దుకుని వికారంగా వినబడింది. ముందు వరసలో ఎవరో మొహం చిట్లించారు. తప్పు నా గిటార్‌దనుకుని ఆయన ఇంకా గట్టిగా వాయించాడు. కళ్ళు తెరవడు. అక్క నా వైపు తిరిగింది. ఆ మొహం ఇప్పటికీ మర్చిపోలేను. పాలిపోయింది. మైకు పట్టుకున్న చేయి కిందికి దిగడం మొదలైంది. ఆ చేయి ఇంకొంచెం దిగితే ఇక జీవితంలో పైకి లేవదని నాకు తెలుసు.

ఆయన పేరు పెట్టి అరవబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. అరిస్తే రెండొందల మంది ముందు ఆయన తలదించుకుంటాడు, ఏ స్కేల్, ఎందుకు అని అక్కడే చర్చ పుడుతుంది. గిటార్ తీగల మీద అరచేయి వేసి ఆపేశాను. రెండడుగులు ముందుకేసి, అక్క చేతిలోని మైకు దగ్గరికి వంగాను.

"క్షమించండి. తప్పు నాది. మళ్ళీ మొదలుపెడతాం."

కీబోర్డ్ ఆగింది. ఆయన కళ్ళు తెరిచాడు, బటన్ వైపు చూశాడు, మొహం జేవురించింది. గబగబా మైనస్ ఐదు నొక్కాడు. ఈసారి నేనే ముందు కింది తీగ ఒక్కటే మోగించాను, నింపాదిగా, నాలుగుసార్లు. ప్యాడ్ ఆయన అందుకున్నాడు. అక్క మైకు పైకెత్తింది.

పాడింది. పైకెక్కే చోట కళ్ళు మూసుకుంది గానీ గొంతు నిలబడింది. తలుపు దగ్గరివాళ్ళలో సగం మంది లోపలికొచ్చి గోడవారన నిలబడ్డారు. పది దాటి మూడు నిమిషాలైనా ఎవరూ తొందరపెట్టలేదు.

బయట నీడలో కాగితం కప్పుల్లో టీ ఇస్తున్నారు. కీబోర్డ్ ఆయన, ప్యాడ్ ఆయన కొంచెం అవతల నిలబడి ఉన్నారు. అక్క నన్ను పక్కకి పిలిచి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. లోపల మందుల డబ్బా పక్కన నా కేపో.



"సోఫా కింద దొరికింది. ఆ గిటార్ తెచ్చిన రోజే, మీరు వెళ్ళాక ఊడుస్తుంటే" అంది. "పాతికేళ్ళుగా గిటార్ వాయించే మనిషితో కాపురం చేస్తున్నాను తమ్ముడూ. కేపో పట్టని గిటార్ ఉంటుందంటే నమ్ముతాననుకున్నావా?"

"మరి తెలిసీ..."

"పాడాలని ఉంది కాబట్టి" అంది. "ఇవాళ మైకులో చెప్పావే, ఆ తప్పు నీది కాదు. ప్లగ్ పీకడం నేనూ చూశాను. నీ తప్పు ఇంకోటుంది."

 టీ కప్పు వైపు చూస్తూ చెప్పాను, "తప్పయిపోయిందక్కా. ఆ బుధవారం అలా అనకూడదు."

"వినబడలేదు. ఆ రోజు నలుగురికీ వినబడేలా అన్నావు."

తలెత్తి, గట్టిగా అన్నాను. "అక్కా, ఆ రోజు మీ ఇంట్లో కూర్చుని మిమ్మల్ని అన్న మాట తప్పు. నన్ను క్షమించండి." అవతల ఇద్దరూ మాటలాపి ఇటు తిరిగారు. కీబోర్డ్ ఆయన కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

అక్క తల ఊపింది. కేపో తీసుకుందామని నేను చేయి చాపాను. ఆవిడ దాన్ని మళ్ళీ బ్యాగు అడుగుకి తోసి జిప్ లాగేసింది.

"నా స్కేల్ ఇక ఇదే. వాళ్ళిద్దరికీ నా గొంతు సంగతి నేనే చెబుతాను" అంది. "బుధవారం ఆరింటికల్లా రా."