వదిన మేకు మార్చింది

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నుంచీ ఇటుక మీద ఇటుక పేర్చిన మేస్త్రికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. చేతులు కడుక్కుని పరంజా దగ్గరికొచ్చాడు. చూస్తే తన మేకుకి క్యారేజీ లేదు.

కుక్కలకి అందకుండా పరంజా కర్రకి మేకులు కొట్టి అన్నం తగిలించుకోవడం అక్కడి పనోళ్ళ అలవాటు. ఇంటికో మేకు. ఒక మేకుకి రెండిళ్ళ అన్నం తగిలించరు. తగిలించారంటే ఆ రెండిళ్ళూ ఒకటైనట్టే లెక్క.

మేస్త్రికి అన్నం తెచ్చేది వాళ్ళ వదిన. అన్న పోయాక మరిది ఇంట్లోనే ఉంటూ, మరిదితోపాటే పనికొచ్చి సిమెంటు మాలు మోసేది. మాట తక్కువ. నవ్విందంటే మాత్రం పై అంతస్తుదాకా వినపడేది.

ఇవాళ ఆవిడ క్యారేజీ వడ్రంగి మేకుకి, అతని క్యారేజీతోపాటు వేలాడుతోంది. పక్కనే మేస్త్రిదీ.

వడ్రంగికి భార్య పోయి చాన్నాళ్ళయింది. వాళ్ళిద్దరి ముచ్చట్లు అందరికీ తెలిసినవే. మేస్త్రే ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఉన్నాడు.

"ఏంటి మేస్త్రీ, అన్నం దారి తప్పిందా?" అంది ఇసుక జల్లించే ఆవిడ. అందరూ పకపకా నవ్వారు.

మేస్త్రి రెండు మేకుల వంకా చూశాడు. వెళ్ళి తీసుకుంటే అందరి ముందూ ఒప్పుకున్నట్టే. తీసుకోకపోతే వదిన తల దించుకుని మళ్ళీ ఈ మేకు దగ్గరికే రావాలి. అతనికి మేనత్త గుర్తొచ్చింది. మొగుడు పోయాక ఎవరో లారీ డ్రైవరుతో గోడ మీంచి మాట్లాడిందని తాత గొడ్డుని బాదినట్టు బాదాడు. తెల్లారకముందే ముఖం కప్పుకుని ఇల్లొదిలి పోయిందామె. మళ్ళీ ఇంట్లో ఎవరూ ఆమె ఊసెత్తలేదు. నాన్న కాలానికి కొట్టడం పోయి సణుగుడు మిగిలింది. తన దాకా వచ్చేసరికి ఆ సణుగుడికీ ఓపిక లేదు, ఆకలి ఒకటే ఉంది.

వదిన ఇటుకల మీద కూర్చుని అతన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. తేల్చుకో అన్నట్టుంది.

"అన్నా," అన్నాడు మేస్త్రి వడ్రంగితో. అంతకుముందెప్పుడూ అలా పిలవలేదు. "ఆ మేకు మూడు క్యారేజీలు మోస్తుందా?"

"నువ్వు కట్టిన గోడ కంటే గట్టిదే."

"నా గోడ జోలికి రాకు. కాస్త జరుగు, ఆకలేస్తోంది."

సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాన్ని అడిగాడు, "నీకు ముందే తెలుసా?"

"ఇన్నాళ్ళూ అక్క క్యారేజీలో వడ్రంగికీ కలిపి కూర కట్టింది ఎవరనుకున్నావు? నీతో చెబితే ఆలోచిస్తానంటూ నాన్చుతావు."

గోడలు పైకప్పు దాకా లేచాక ఒకరోజు, పట్టపగలు, వదిన తట్ట బోర్లించి, కాళ్ళు కడుక్కుని, చెప్పులేసుకుని వడ్రంగితో గేటు దాటింది. వెళ్తానని ఒక్క మాట అనలేదు. మేనత్తా చెప్పకుండానే పోయింది, చెబితే చంపేస్తారని. వదినకి అడగాల్సిన పనే లేకపోయింది.

మేస్త్రి పరంజా మీద తాపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గేటు అవతల వడ్రంగి ఏమన్నాడో గానీ, ఆ నవ్వు పై అంతస్తుదాకా వినపడింది.