హజరత్తయ్య గారి ‘డూ ది నీడ్‌ఫుల్’

హజరత్తయ్య గారి చేత మీరు ఏమైనా రాయించవచ్చు. గట్టు తగాదా మీద అర్జీ రాయించవచ్చు, కలెక్టరుకు మొర రాయించవచ్చు, అలిగి పుట్టింటికి పోయిన భార్యకు బతిమాలుతూ ఉత్తరం రాయించవచ్చు. ‘డూ ది నీడ్‌ఫుల్’ అన్న మూడు ఇంగ్లీషు ముక్కలు మాత్రం రాయించలేరు. రాయరు! చెయ్యి విరిచినా రాయరు! ఆ ముక్క వేయవలసిన చోటు వచ్చిందని ఆయనకు రూఢి అయితే తప్ప.

అది 1960 ప్రాంతం. కావలి తాలూకా కచేరీ ఎదుట రేకుల పందిరి కింద నలుగురు అర్జీలు రాసేవారు. నేను మద్రాసు కంపెనీల పుస్తకాలు అమ్మకానికి మోసుకుంటూ ఊళ్ళు తిరిగేవాణ్ణి. కావలిలో రైలు దిగానంటే నా మకాం హజరత్తయ్య గారి చాప మీదనే. ఆ రోజుల్లో అర్జీ చివర ‘అవసరమైనది చేయగలరు’ అని ఇంగ్లీషులో ఆ మూడు ముక్కలు లేకపోతే అది తాళింపు పెట్టని పప్పు కింద లెక్క. అక్షరం రాని రైతు కూడా కాగితం చివర వేలు పెట్టి, అది పడిందా లేదా అని అడిగి మరీ తీసుకునేవాడు.

ఒకరోజు మాలకొండయ్య అనే రైతు వచ్చి కూర్చున్నాడు.

“తూము పలిగిపొయ్యిందని రాసినారు గదా సామీ. కింద ఆ నీడ్‌ఫుల్ ఏసీయండి.”

“ఏస్తా. తాసిల్దారు ఏం చెయ్యాల?”

“ఆయనకు తెలవదా ఏంది?”

“నీ తూము ఆయనెప్పుడు చూసినాడబ్బా? మట్టి పొయ్యాల్నా, రాయి కట్టాల్నా, కొత్త తూమే పెట్టాల్నా?”

“ఏదో ఒకటి చెయ్యమనండి!”

“ఏదో ఒకటంటే ఇంగ్లీషు ఒప్పుకోదు మాలకొండయ్యా. పొయ్యి, ఎన్నడుగులు పలిగిందో కొలుచుకొని రా.”

“ఆ పక్కాయన అడక్కుండానే రెండు నీడ్‌ఫుల్లు ఏస్తాడంట!”

“ఏస్తాడు. అందుకే ఆయన అర్జీలు రెండేండ్లుగా లోపల గురక పెడతా ఉండాయి.”

ఇలా నలుగురిని తరిమేశాక, ఒక్కోనాడు ఉన్నట్టుండి పెట్టె మూసి, సైకిలెక్కి మాయమయ్యేవారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. తిక్క ముదిరినప్పుడు గాలికి తిరిగొస్తాడని పందిరి కింద వాళ్ళ తీర్మానం. నేనూ అదే అనుకున్నాను. ఊరూరా తిరిగే నాకు ఇంకొకడు ఊరికే తిరగడంలో వింతేముంది?

తిరుగుడంటే గుర్తొచ్చింది. ఒక జంక్షన్ స్టేషన్లో, పేరెందుకులెండి, భోజనశాల ఫిర్యాదుల పుస్తకం తిరగేశాను. నా దగ్గరున్న పుస్తకాలన్నీ అప్పటికే చదివేశాను, బండి ఆరు గంటలు లేటు. అందులో ఒక మహానుభావుడు ‘సాంబారులో బల్లి ఉన్నది. డూ ది నీడ్‌ఫుల్’ అని రాసి పోయాడు. కావలికి రాగానే హజరత్తయ్య గారికి చెప్పాను. ఆయన ఆనందం చూడాలి! చాప మీద నుంచి ఎగిరి లేచారు.

“ఆహా! బల్లిని తియ్యాల్నా? సాంబారు పారబొయ్యాల్నా? తిన్నోడికి డాక్టర్ని పిలవాల్నా? బల్లి పెండ్లాం బిడ్డలకు కబురు పెట్టాల్నా? అన్నీ అయిపొయ్యి, చదివేవాడు చెయ్యాల్సింది ఒకే ఒక్కటి మిగిలినప్పుడు రాయాల నాయనా ఆ ముక్క!”

ఆ సాయంత్రం వాళ్ళింట్లో భోజనం. ఆయన భార్య కామాక్షమ్మ గారు పెరట్లో నుంచి కేక వేశారు. “నీళ్ళు కాగినాయి. చన్నీళ్ళు కలిపి తొలిపినా. తువాలు దండెం మీదుండాది. సబ్బు గూట్లో ఉండాది. ఇంక మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పోసుకోండి!”

హజరత్తయ్య గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. “ఇన్నావా? ఇన్నావా? ఈ తాలూకా మొత్తం మీద దాన్ని సరిగ్గా వాడేది మా ఇంటామె ఒక్కతే! అదీ ఇంగ్లీషు రాకుండా!”

1963 జూన్‌లో మాత్రం ఆ తిక్క మీద నాకు ఒళ్ళు మండింది.

ఒక గురువారం పొద్దున మస్తాన్‌బీ అనే ఆమె కూతురు దిల్షాద్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. మస్తాన్‌బీ భర్త మౌలా పడవలకు తెరచాపలు కుట్టేవాడు, పోయి అయిదేళ్ళయింది. దిల్షాద్‌కు మద్రాసులో నర్సు ట్రెయినింగులో సీటొచ్చింది. పదిహేడేళ్ళు నిండి ఉండాలి. నిండాయి. కానీ బడిలో చేర్చిననాడు ఎవరో ఒక ఏడు తగ్గించి రాశారు. శనివారం ఒంటిగంటకు కచేరీ మూసేలోగా తహసీల్దారు వయసు ధ్రువపత్రం మీద సంతకం పెడితే, ఆ రాత్రి మెయిలుకు బయల్దేరవచ్చు. పెట్టకపోతే సీటు ఇంకొకరిది.

“ఆ నీడ్‌ఫుల్ ఏసి గట్టిగా ఒక అర్జీ రాయండి సామీ,” అంది మస్తాన్‌బీ.

“అట్టా రాస్తే ఇంగ్లీషు ఒప్పుకోదమ్మా,” అన్నారు ఆయన. “బిడ్డ ఏ ఊళ్ళో పుట్టింది? పురుడు ఎవురు పోసినారు? ఆమె బతికుండాదా?”

సమాధానాలు విన్నారు. పెట్టె మూశారు. సైకిలెక్కి పోయారు!

శుక్రవారమంతా రాలేదు. ఇంటికి పరిగెత్తాను. “రాత్రి ఇంటికి రాలా నాయనా. చెప్పి పొయ్యేదెప్పుడు ఆయన?” అన్నారు కామాక్షమ్మ గారు తాపీగా, వంకాయలు తరుగుతూ.

శనివారం పదకొండయింది. మస్తాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. నాలో పౌరుషం పొంగింది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక అర్జీ రాయలేనా? రాశాను. రెండు పేజీల ఇంగ్లీషు! చివర ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాసి కింద గీత కూడా గీశాను. తల్లీకూతుళ్ళను వెంటబెట్టుకుని తహసీల్దారు గదిలోకి వెళ్ళాను.

ఆయన ఓపిగ్గా చదివారు. కళ్ళద్దాలు తీశారు.

“బాగుంది. ఇప్పుడు నేను ఏం చెయ్యాల?”

“వయసు... అవసరమైనది...”

“ఏ ఆధారం మీద?”

నా దగ్గర రెండు పేజీల ఇంగ్లీషు ఉంది. ఆధారం లేదు. దిల్షాద్ నా చొక్కా లాగి మెల్లగా అంది, “పోదాం రాన్నా. ఆయన అన్నీ అడిగి పోయినాడు గదా, వస్తాడు.” ఆ పిల్ల నమ్మకానికి నాకు తల కొట్టేసినట్టయింది.

పన్నెండుంబావు. సముద్రం వైపు రోడ్డు మీద ముందు తిట్లు వినపడ్డాయి, తరువాత సైకిలు కనపడింది. తొక్కుతున్నది హజరత్తయ్య గారు, మోకాళ్ళ దాకా ఇసుక. వెనక క్యారియరు మీద డెబ్బై ఏళ్ళ మంత్రసాని కామమ్మ, చేతిలో గొడుగు.

“ఓరి నీ సైకిలు పాడుగాను! నా నడుం ఇరిగింది గదరా! ఎనిమిది మైళ్ళు గుంటలు ఎతుక్కోని మరీ తొక్కినాడు!”

దిగీ దిగగానే కామమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దిల్షాద్‌ను చూసింది. “నువ్వేనా మే? అడ్డం తిరిగి నన్ను రెండు రాత్రులు ఏడిపించినావు! ఎట్టా మర్చిపోతా నిన్ను!”

హజరత్తయ్య గారి జేబులో దిల్షాద్ పుట్టిన పల్లెలోని పుట్టుకల రిజిస్టరు నకలుంది. అందులో ‘మౌలా కూతురు’ అని తేదీ ఉంది గానీ పేరు లేదు. ఆ బిడ్డే ఈ బిడ్డ అని కామమ్మ వేలిముద్ర, దానికి ఇద్దరు పెద్దల సాక్షి సంతకాలు, ధ్రువపత్రం కూడా ముందే రాసి సిద్ధం. ఆ ఊరి మునసబు ఎవరి పెండ్లికో పోతే, ఈయన ఆ పెండ్లి ఊరికి పోయి, రిజిస్టరున్న బీరువా తాళంచెవి అడిగి తెచ్చారట. హజరత్తయ్య గారు నిలుచున్నపళంగా నాలుగు వరుసల అర్జీ రాశారు. అయిదో వరుసలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘డూ ది నీడ్‌ఫుల్’.

తహసీల్దారు ఆ కాగితం అందుకోగానే కళ్ళద్దాలైనా పెట్టుకోలేదు. కలం తీశారు.

“చదవరా అండీ?” అన్నాను ఉండబట్టలేక.

“హజరత్తయ్య ఆ ముక్క రాసినాడంటే నాకు మిగిలేది సంతకమేనయ్యా. ఈ కచేరీలో అందరికీ తెలుసు, మీకే తెల్దు.” కామమ్మను రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టేశారు.

బయటికి వచ్చాక హజరత్తయ్య గారిని నిలదీశాను. “ఇందుకు పోతున్నానని ఒక్క మాట చెప్పి పోకూడదా? ఆ తల్లి రెండు రోజులు ఏడ్చింది!”

హజరత్తయ్య గారు ఆ మాటకు నొచ్చుకున్నారు. మస్తాన్‌బీ వినకుండా నన్ను పక్కకు లాగారు. “చెప్తే పోనిస్తాదా నాయనా? మాకోసం మీకెందుకు సామీ ఈ కష్టం అని కాళ్ళకడ్డం పడతాది. అందరూ అంతే. అదే ఇంగ్లీషు ఒప్పుకోదంటే, ఇంగ్లీషుతో ఎవురు వాదిస్తారు చెప్పు?”

అంటే మాలకొండయ్య తూము కొలిచింది కూడా మాలకొండయ్య కాదు, ఈయనేనన్నమాట!

ఇంతలో మెట్ల మీద కూర్చున్న కామమ్మ గొడుగు నేలకేసి కొట్టింది. “ఏందబ్బా, గుసగుసలు? నన్ను మళ్ళా ఇంటికాడ దించేదెవురు? ఆ సైకిలు మాత్రం నేనెక్కను!”

ఆమె ఎక్కనే లేదు. ఎనిమిది మైళ్ళూ ఆయన సైకిలు నెట్టుకుంటూ, ఆమె పక్కన నడుస్తూ, దారి పొడుగునా తిట్లు తింటూ వెళ్ళారని, తిరిగి వచ్చేటప్పుడు క్యారియరు నిండా ఆమె ఇచ్చిన ఉప్పుచేపలు ఉన్నాయని, చేపలు ముట్టని కామాక్షమ్మ గారు ఆయన్ను ఆ పూట వీధిలోనే నిలబెట్టారని మర్నాడు తెలిసింది.